పర్సనల్ కంప్యూటర్లలో ఫైల్ కంప్రెషన్ సాధనాలు

ఒకటో పదో ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా కట్టి, కావలసినప్పుడు ఒక్క బైటు కూడా తేడా రాకుండా విప్పి ఇచ్చే ప్రోగ్రాములను ఫైల్ కంప్రెషన్ సాధనాలు అంటారు. ఫొటోలకు వాడే జేపెగ్, పాటలకు వాడే ఎంపీ3 కూడా కుదింపులే. కానీ అవి కంటికీ చెవికీ అంతగా తెలియని వివరాలను వదిలేస్తాయి. ఫైల్ కంప్రెషన్‌లో ఆ వెసులుబాటు లేదు. జీతాల పట్టికలో ఒక్క అంకె మారినా, ప్రోగ్రాములో ఒక్క బిట్ తప్పినా ఫైలు ఎందుకూ పనికిరాదు.

ఫ్లాపీలు, మోడెమ్‌ల కాలంలో పుట్టిన ఆర్క్ మొదలుకొని జిప్, ఎల్‌హెచ్‌ఏ, ఏఆర్‌జే, రార్, 7-జిప్ దాకా ఈ సాధనాలను పోల్చేవాళ్లు సాధారణంగా మూడు విషయాలు చూస్తారు: ఎంత కుదిస్తుంది, ఎంత వేగంగా కుదిస్తుంది, ఎంత మెమరీ తింటుంది. నలభై ఏళ్ల చరిత్ర చూస్తే మాత్రం ఏది నిలబడుతుందో, ఏది మరుగున పడుతుందో తేల్చింది ఈ మూడూ కాదు. ఫార్మాట్ ఎవరి చేతిలో ఉంది, దాన్ని చదివే ప్రోగ్రామును ఇంకొకరు స్వేచ్ఛగా రాసుకోవచ్చా అన్న ప్రశ్నలే తేల్చాయి.

పునాదులు

సమాచారాన్ని ఏ మేరకు కుదించవచ్చో, అంతకు మించి ఎందుకు కుదించలేమో 1948లో క్లాడ్ షానన్ గణితపరంగా చూపాడు. తరచుగా వచ్చే అక్షరానికి పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం ఇస్తే చోటు మిగులుతుంది. ఆ సంకేతాలను అత్యుత్తమంగా కట్టే పద్ధతిని కనుక్కున్నది డేవిడ్ హఫ్‌మన్. 1951లో ఎంఐటీలో చదువుతున్నప్పుడు ఆయన ప్రొఫెసర్ రాబర్ట్ ఫానో, పరీక్ష రాస్తారా లేక ఈ సమస్య మీద వ్యాసం ఇస్తారా అని విద్యార్థులను అడిగాడు. హఫ్‌మన్ వ్యాసం ఎంచుకుని గురువు పద్ధతినే మించిపోయాడు. ఆ వ్యాసం 1952లో అచ్చయింది.

రెండో పునాది ఇజ్రాయెల్‌లోని హైఫాలో పడింది. టెక్నియన్ సంస్థకు చెందిన ఏబ్రహం లెంపెల్, జేకబ్ జివ్ 1977, 1978లలో రెండు పద్ధతులను ప్రచురించారు. ముందు ఒకసారి వచ్చిన ముక్క మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, అది ఎక్కడుందో చెబితే చాలునన్నది వాటి సారం. తెలుగులోనే దీన్ని చూడవచ్చు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. అంకెల్లో త 224, 176, 164. ల 224, 176, 178. గ 224, 176, 151. కొమ్ము రెండుసార్లూ 224, 177, 129. రెండో కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ప్రోగ్రాము ఆ మూడు అంకెలనూ మళ్లీ రాయనక్కర్లేదు. '6 బైట్లు వెనక్కి వెళ్లి 3 బైట్లు తెచ్చుకో' అని రాస్తే సరిపోతుంది. తెలుగు సంకేతం ఏదైనా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ అవుతుంది. హఫ్‌మన్ పద్ధతి ఇలా పదే పదే వచ్చే బైట్లకు పొట్టి సంకేతాలు ఇస్తుంది. యూనికోడ్ తెలుగు పాఠం అచ్చం అక్షరాల ఫైలుగా ఉన్నప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించినా, జిప్ చేస్తే బాగా తగ్గడానికి కారణం ఇదే.

ఆర్క్ వివాదం, జిప్ పుట్టుక

1980లలో అమెరికాలో పీసీలు ఉన్నవాళ్లు ఫోను లైన్ల మీద నడిచే బులెటిన్ బోర్డుల ద్వారా ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకునేవారు. మోడెమ్ వేగం సెకనుకు 1200 బిట్లో 2400 బిట్లో ఉండేది. ఫైలు ఎంత చిన్నదైతే ఫోను బిల్లు అంత తగ్గేది. ఈ అవసరానికి 1985లో థామ్ హెండర్సన్ ఆర్క్ అనే ప్రోగ్రాము తెచ్చాడు. ఆయన సంస్థ పేరు సిస్టమ్ ఎన్‌హాన్స్‌మెంట్ అసోసియేట్స్. ఫైళ్లను ఒక కట్టగా చేయడం, కుదించడం అనే రెండు పనులనూ ఆర్క్ ఒకేసారి చేసేది. దాని సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉండేది.

మిల్వాకీ నగరానికి చెందిన ఫిల్ కాట్జ్ అనే యువ ప్రోగ్రామర్ ఆ పనినే ఎంతో వేగంగా చేసే పీకేఆర్క్‌ను విడుదల చేశాడు. ముఖ్యమైన భాగాలను అసెంబ్లీ భాషలో రాయడం వల్ల ఆ వేగం వచ్చింది. ఫైళ్లు ఆర్క్ ఫార్మాట్‌లోనే ఉండేవి కాబట్టి జనం తేలిగ్గా ఇటు మారిపోయారు. 1988లో హెండర్సన్ సంస్థ కాపీరైట్, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కింద దావా వేసింది. పీకేఆర్క్‌లో కొంత భాగం ఆర్క్ కోడ్ నుంచి నేరుగా తీసుకున్నదేనని, వ్యాఖ్యల్లోని అక్షర దోషాలు సైతం అలాగే ఉన్నాయని స్వతంత్ర నిపుణుడి పరిశీలనలో తేలింది. అదే సంవత్సరం రాజీ కుదిరింది. కాట్జ్ డబ్బు చెల్లించి, ఆర్క్‌తో పొసిగే ప్రోగ్రాములను ఆపేయడానికి ఒప్పుకున్నాడు.

చట్టం ప్రకారం న్యాయం హెండర్సన్ వైపే ఉంది. బులెటిన్ బోర్డుల జనం మాత్రం కాట్జ్ పక్షాన నిలిచారు. ఒక పెద్ద కంపెనీ ఒంటరి కుర్రాణ్ణి అణగదొక్కుతోందని వాళ్లు నమ్మారు. నిజానికి హెండర్సన్‌దీ చిన్న కుటుంబ సంస్థే. ఆయనకు జరిగిన అన్యాయాన్ని ఈ చరిత్ర చెప్పేవాళ్లు తరచుగా దాటవేస్తారు, అది సరికాదు.

1989 ఆరంభంలో కాట్జ్ సరికొత్త ఫార్మాట్‌తో పీకేజిప్ తెచ్చాడు. ప్రోగ్రాముకు డబ్బు అడిగాడు గానీ, ఫార్మాట్ వివరాలన్నీ ఒక పత్రంగా రాసి ప్రోగ్రాముతోపాటే ఉంచాడు. ఎవరైనా జిప్ చేసే, విప్పే ప్రోగ్రాములు రాసుకోవచ్చని ప్రకటించాడు. కోర్టులో దెబ్బ తిన్న మనిషి తీసుకున్న ఈ ఒక్క నిర్ణయమే జిప్ భవిష్యత్తును నిర్ణయించింది. 1993 నాటి 2.04 వెర్షన్లలో డిఫ్లేట్ అనే పద్ధతి స్థిరపడింది. 32 కిలోబైట్ల దూరం వరకు వెనక్కి చూసి పునరుక్తులు పట్టుకోవడం, దొరికినదాన్ని హఫ్‌మన్ సంకేతాల్లో రాయడం దాని పని. ఇవాళ వెబ్ పేజీల్లోనూ పీఎన్‌జీ బొమ్మల్లోనూ పనిచేస్తున్నది ఇదే. కాట్జ్ మద్యానికి బానిసై 2000 ఏప్రిల్‌లో 37 ఏళ్లకే మిల్వాకీలో ఒంటరిగా మరణించాడు. ప్రతి జిప్ ఫైలు మొదటి రెండు బైట్లు ఆయన పేరులోని తొలి అక్షరాలే.

పేటెంట్ల నీడ

1984లో టెర్రీ వెల్చ్ లెంపెల్-జివ్ పద్ధతిని సులువు చేసి ఎల్‌జెడ్‌డబ్ల్యూ పేరుతో ప్రచురించాడు. యూనిక్స్‌లోని కంప్రెస్ ప్రోగ్రాము, ఆర్క్, 1987లో కంప్యూసర్వ్ తెచ్చిన జిఫ్ బొమ్మల ఫార్మాట్ అన్నీ దాన్ని వాడుకున్నాయి. దాని మీద పేటెంట్ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ హక్కు చివరికి యూనిసిస్ చేతికి వచ్చింది. 1994 చివర్లో జిఫ్ వాడే సాఫ్ట్‌వేర్‌కు రుసుము కట్టాలన్న ప్రకటన రాగానే గగ్గోలు పుట్టింది. అమెరికాలో ఆ పేటెంట్ 2003 జూన్‌లో గానీ ముగియలేదు.

కంప్రెస్‌కు బదులుగా పేటెంట్ చిక్కు లేని జీజిప్‌ను జాఁ-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ 1992లో రాశారు. కాట్జ్ వెల్లడించిన డిఫ్లేట్ పద్ధతినే తీసుకుని, పేటెంట్లకు తగలకుండా కోడ్‌ను మొదటి నుంచి రాసుకున్నారు. వాళ్లిద్దరి జెడ్‌లిబ్ లైబ్రరీ లెక్కలేనన్ని ప్రోగ్రాముల్లో చేరింది.

ఇదే కాలంలో డిస్కు మొత్తాన్నీ కుదించే సాధనాలు వచ్చాయి. స్టాక్ ఎలక్ట్రానిక్స్ వారి స్టాకర్‌కు పోటీగా మైక్రోసాఫ్ట్ 1993లో ఎంఎస్-డాస్ 6.0తో డబుల్‌స్పేస్ ఇచ్చింది. పేటెంట్ దావాలో 1994లో మైక్రోసాఫ్ట్ 12 కోట్ల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు చెప్పింది. తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. హార్డ్ డిస్కులు చవకై ఆ సాధనాల అవసరమే పోయింది.

ఎల్‌హెచ్‌ఏ, ఏఆర్‌జే, రార్

జపాన్‌లో వృత్తిరీత్యా వైద్యుడైన హరుయాసు యోషిజాకి 1988లో ఎల్‌హెచ్ఆర్క్ విడుదల చేశాడు. హరుహికో ఒకుమురా ఆలోచనలు దానికి ఆధారం. దాని తర్వాతి రూపమే ఎల్‌హెచ్‌ఏ. ఆ దేశంలో చాలాకాలం అదే రాజ్యమేలింది. 1991లో రాబర్ట్ జంగ్ తెచ్చిన ఏఆర్‌జే పెద్ద ఫైలును ముక్కలు చేసి వరుసగా 1.44 మెగాబైట్ల ఫ్లాపీల మీద సర్దడంలో దిట్ట.

ఆ బలాలన్నీ కలుపుకొని వచ్చింది రార్. రష్యాకు చెందిన యూజీన్ రోషల్ 1993లో దీన్ని తయారుచేశాడు. 1995లో విండోస్ రూపమైన విన్‌రార్ వచ్చింది. రార్ ప్రత్యేకతల్లో మొదటిది సాలిడ్ ఆర్కైవ్. జిప్ ఒక్కో ఫైలును విడివిడిగా కుదిస్తుంది. సాలిడ్ పద్ధతిలో ఫైళ్లన్నీ ఒకే ధారగా సాగుతాయి కాబట్టి, మొదటి ఫైలులోని ముక్క పదో ఫైలులో వచ్చినా దొరికిపోతుంది. ఒకే నమూనాలో రాసిన వందల చిన్న ఫైళ్లు ఉంటే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి మూల్యమూ ఉంది. నడిమిలోని ఒక్క ఫైలు కావాలన్నా దాని ముందున్నవన్నీ విప్పుకుంటూ రావాలి. ఒకచోట పాడైతే ఆ తర్వాతివాటికీ ముప్పే. అందుకే రార్‌లో రికవరీ రికార్డ్ అనే అదనపు సమాచారం చేర్చుకునే వీలుంది. గీతలు పడిన సీడీ నుంచి కూడా ఫైలును బాగుచేసుకోవడానికి అది పనికొస్తుంది.

జిప్ బలహీనత ఇంకోచోట ఉంది. దాని విషయసూచిక ఫైలు చివరన ఉంటుంది. లోపల ఏమున్నాయో చెప్పడానికి చివరి భాగం చదివితే చాలు కాబట్టి పెద్ద జిప్ కూడా వెంటనే తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్ నడుమ ఆగిపోతే మాత్రం తొంభై శాతం వచ్చినా ఆ సూచిక ఉండదు. 'ఫైల్ పాడైంది' అని తెర మీద వచ్చేది చాలాసార్లు ఇందుకే. ఒక్కో ఫైలు ముందుండే స్థానిక గుర్తుల ఆధారంగా వచ్చినంతవరకు రాబట్టే సాధనాలు ఉన్నాయి.

తెలుగువాళ్లకు నేరుగా తగిలిన లోపం ఒకటుంది. జిప్ తొలి నిబంధనల్లో ఫైలు పేర్లకు ఐబీఎం పీసీ నాటి అక్షరపట్టికే ఆధారం, అందులో భారతీయ లిపి ఏదీ లేదు. యూటీఎఫ్-8 పేర్లకు నిబంధనల్లో చోటు దొరికింది 2006లో. పాత ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గుర్తులుగానో కనిపించేవి.

7-జిప్, కొలతలు

1991లో నికో మాక్ తెచ్చిన విన్‌జిప్ కమాండ్లు గుర్తుపెట్టుకునే పని లేకుండా చేసింది. విండోస్ మీ, ఎక్స్‌పీ నాటికి జిప్ విప్పడం విండోస్‌లోనే భాగమైంది. రష్యాకే చెందిన ఇగోర్ పావ్లోవ్ 1999లో 7-జిప్ మొదలుపెట్టాడు. దాని ఎల్‌జెడ్‌ఎంఏ పద్ధతి డిఫ్లేట్‌లా 32 కిలోబైట్ల దగ్గర ఆగదు. మెమరీ ఉంటే మెగాబైట్లు, అంతకంటే ఎక్కువ దూరం కూడా వెనక్కి చూస్తుంది. ప్రోగ్రాము ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం.

పోలికకు అందరూ ఒకే సరుకు మీద కొలవాలి. అందుకు 1980లలో కాల్గరీ కార్పస్ అనే ఫైళ్ల సమాహారం ఏర్పడింది. తర్వాత ఇంగ్లిష్ వికీపీడియా నుంచి తీసిన 10 కోట్ల బైట్ల ఫైలు ప్రసిద్ధమైంది. 2006లో మార్కస్ హట్టర్ పెట్టిన బహుమతికి 2020 దాకా అదే కొలబద్దగా ఉండేది. గరిష్ఠ స్థాయిలో ఆ ఫైలు జీజిప్‌తో సుమారు 3.64 కోట్ల బైట్లకు, జూలియన్ సెవార్డ్ రాసిన బీజిప్2తో 2.90 కోట్లకు, 7-జిప్‌తో 2.5 కోట్లకు దిగుతుంది. మాట్ మహోనీ మొదలుపెట్టిన పాక్ వర్గపు ప్రోగ్రాములు 1.8 కోట్ల కంటే కిందికి తెస్తాయి. జీజిప్‌కు సెకన్లు చాలిన పనికి వాటికి చాలా నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడతాయి. విప్పడానికీ అంతే సమయం కావాలి. 7-జిప్ కుదించడంలో నిదానమైనా విప్పడంలో చురుకైనది. ఒకసారి కుదించి వేలమంది విప్పుకునే సాఫ్ట్‌వేర్‌కు ఈ గుణమే అక్కరకొస్తుంది. 2016లో యాన్ కోలే ఫేస్‌బుక్‌లో విడుదల చేసిన జెడ్‌స్టాండర్డ్, డిఫ్లేట్‌కు దీటైన కుదింపును దానికంటే చాలా వేగంగా ఇస్తుంది.

ఏ ప్రోగ్రామూ అన్ని ఫైళ్లనూ కుదించలేదు. ఎంపీ4 వీడియోను జిప్ చేస్తే తగ్గకపోవడం సాధనం లోపం కాదు. అందులోని పునరుక్తిని ముందే పిండేశారు.

భద్రత

జిప్ పాత పాస్‌వర్డ్ పద్ధతిని లోపలి ఫైలులో కొన్ని బైట్లు తెలిస్తే ఛేదించవచ్చని 1994లో ఎలి బిహామ్, పాల్ కోచర్ చూపారు. గోప్యమైన కాగితాలకు ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఎంచుకోవడమే మేలు. 2019లో చెక్ పాయింట్ పరిశోధకులు విన్‌రార్‌లో పాత ఏస్ ఫార్మాట్‌ను విప్పే భాగంలో ప్రమాదకరమైన లోపం కనుక్కున్నారు. ఆ భాగం బయటివారిది, దాని సోర్స్ కోడ్ విన్‌రార్ తయారీదారుల దగ్గర లేదు. సరిదిద్దే దారి లేక ఏస్‌ను పూర్తిగా తీసేశారు.

బహిరంగ కోడ్ ఉన్నంత మాత్రాన భయం లేదనుకోలేం. లినక్స్‌లో విస్తృతంగా వాడే ఎక్స్‌జెడ్ సాధనంలో, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించిన ఒక సహాయకుడు దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ లాగిన్‌కు అర సెకను అదనంగా పడుతోందని గమనించి కూపీ లాగడంతో అది బయటపడింది. ప్రపంచమంతా వాడే అలాంటి సాధనాలు ఒకరిద్దరు జీతం లేని నిర్వాహకుల భుజాల మీద నడుస్తున్నాయని అప్పుడే చాలామందికి తెలిసింది.

నేటి స్థితి

ఇవాళ వర్డ్ డాక్యుమెంటు, ఎక్సెల్ షీటు, ఈపబ్ పుస్తకం, ఆండ్రాయిడ్ యాప్ అన్నీ లోపల జిప్ ఫైళ్లే. డాక్స్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపలి ఫోల్డర్లు, బొమ్మలు విడిగా కనిపిస్తాయి. 2023లో విండోస్ 11 లిబ్‌ఆర్కైవ్ అనే బహిరంగ లైబ్రరీ సాయంతో 7-జిప్, రార్, టార్ ఫైళ్లను తెరవడం నేర్చింది. మరుసటి ఏడు 7-జిప్, టార్ ఫైళ్లను తయారుచేసే వీలూ వచ్చింది. రార్‌ను మాత్రం అది విప్పగలదే గానీ తయారుచేయలేదు. రార్ విప్పే కోడ్‌ను రోషల్ ఉచితంగానే ఇచ్చాడు. దాని ఆధారంగా కుదించే పద్ధతిని తిరిగి రాయకూడదన్న షరతు ఆ లైసెన్సులో ఇప్పటికీ ఉంది.