కందిరీగ సూది ముందు కెమెరా

ఆల్డర్ చెట్టు మానులో గుడ్లు పెట్టే కందిరీగ ఒకటుంది. దాని సంతానాన్ని వెతుక్కుంటూ శత్రు కందిరీగలు వస్తాయి. వాటిలో ఒకటి వెంట్రుకంత సన్నని సూదిని గట్టి కలపలోకి దించి, లోపల దాగిన పిల్లపురుగు మీదే తన గుడ్డు పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అడవి పురుగుల గురించి పాఠాలు చెప్పిన జెరాల్డ్ థాంప్సన్‌కు ఈ నాటకమంతా తెలుసు. దాన్ని తెర మీద చూపించడం ఎలా అన్నదే చిక్కు.

ఆయన, సహచరుడు ఎరిక్ స్కిన్నర్ కలిసి కెమెరా పట్టారు. అంత చిన్న ప్రాణిని పెద్దగా, స్పష్టంగా తీయాలంటే బోలెడు వెలుతురు కావాలి. దీపం దూరంగా పెడితే బొమ్మ చీకటి. దగ్గరకు తెస్తే ఆ వేడికి పురుగు మాడిపోతుంది. బతికినా, మాడుతున్న పురుగు గుడ్లు పెడుతుందా? వెలుగును రానిచ్చి వేడిని ఆపే ఫిల్టర్లు అడ్డుపెట్టాకే దారి దొరికింది. ఆపైన మిగిలింది కాచుకుని కూర్చోవడం. కందిరీగకు మన షూటింగ్ వేళలతో పని లేదు. ఏ క్షణాన సూది దించుతుందో దానికే ఎరుక. ఆ క్షణానికి ఫోకస్ సరిగ్గా ఉండటం సగం ఓర్పు, సగం అదృష్టం. 1961 నాటికి సినిమా పూర్తయింది.

1968లో థాంప్సన్, మరికొందరు జీవశాస్త్రజ్ఞులు కలిసి ఆక్స్‌ఫర్డ్ సైంటిఫిక్ ఫిల్మ్స్ అనే సంస్థ పెట్టారు. సినిమావాళ్లు సైన్స్ నేర్చుకోవడం కాదు, సైన్స్ తెలిసినవాళ్లే సినిమావాళ్లయ్యారు. నాకు నచ్చింది అదే.

అప్పటికీ ఇంకో శత్రువు మిగిలే ఉంది: అదురు. బాగా పెద్దది చేసి చూపేటప్పుడు పక్కన ఎవరైనా నడిచినా తెర మీద భూకంపమే. అదురును పూర్తిగా ఆపడం ఎవరి తరం? బృందంలోని పీటర్ పార్క్స్ ఆలోచన మరోలా సాగింది. కెమెరా, దీపాలు, ప్రాణి అన్నిటినీ ఒకే దృఢమైన బల్లకు బిగిస్తే సరి. కదిలితే అన్నీ కలిసే కదులుతాయి, బొమ్మ మాత్రం నిలకడగా ఉంటుంది. ఇంత తేలికా అనిపిస్తుంది, ఎవరో ఒకరు చేసి చూపించాక! సముద్రంలో తేలే, గాజులా పారదర్శకమైన సూక్ష్మజీవులను నల్లని నేపథ్యం మీద పక్కవెలుతురుతో మెరిపించిందీ ఆయనే.

ఈ పాట్లన్నీ చూసిన బీబీసీ, 1972లో తన 'హొరైజన్' కార్యక్రమంలో వీళ్ల పనినే కథగా చూపించింది. అదే చిత్రం 1974లో అమెరికాలో 'నోవా' అనే సైన్స్ ధారావాహికకు మొదటి భాగమైంది. జంతువుల కంటే వాటిని తీసే తంటాలే ప్రేక్షకులను కట్టిపడేయగలవని అలా రుజువైంది.

పురుగుల కోసం పుట్టిన ఆ నైపుణ్యం 'సూపర్‌మ్యాన్' సినిమా మాయాదృశ్యాల దాకా వెళ్లింది. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ పార్క్స్‌ను గోర్డన్ ఇ. సాయర్ అవార్డుతో గౌరవించింది. 2005లో ఆక్స్‌ఫర్డ్ సైంటిఫిక్ ఫిల్మ్స్ 'మీర్‌కాట్ మేనర్' అనే టీవీ కార్యక్రమం తీసింది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో మీర్‌కాట్లనే చిన్న జంతువుల బొరియల్లోకి చీకట్లో చూడగల బుల్లి కెమెరాలు దించి, ఫ్లవర్ అనే తల్లి మీర్‌కాట్ కుటుంబాన్ని సీరియల్‌లా చూపించింది. పాముకాటుకు ఫ్లవర్ చనిపోతే అభిమానులు ఏడ్చారు. ఈసారి పురుగును మాడ్చే దీపాల అవసరమే రాలేదు.