మూగబేరము



చెవిటివాని ముందు శంఖమూదిన సామెత మీరందఱు నెఱిగినదే. ఎవడో యొక చెవిటివాని యెదుట నిలిచి శంఖమూదెనట. అది చూచి యాతడు "అయ్యా! దాని నట్లు కొఱుకుచున్నారేల?" అని యడిగెనట. ముప్పది యేండ్లు నేనీ సామెతను బడిలో పిల్లలకు చెప్పి, వారితోపాటు నవ్వితిని. ఇప్పుడు ఆలోచించి చూడగా, చెవిటివానియందు నాకు తప్పేమియు కానరాదు. కంటికి కనబడినదానినిబట్టి యాతడు చక్కగనే యూహించెను. వినలేడని యెఱిగియు వాని ముందు శంఖమూదిన వాని తెలివియే విచారింపదగినది. ఈ మాట నాకు తోచుటకు కారణమైన సంగతి యొకటి కలదు. దానిని మొదట మనవిచేసి, పిమ్మట చరిత్రమునకు వత్తును.

1986వ సంవత్సరమున నేను పనిచేయు గ్రామమందలి బడికి ఒక నేతపనివాడు తన కొడుకును తోడ్కొని వచ్చెను. బాలునకు ఏడేండ్లు. పుట్టుచెవుడు. "పంతులుగారూ, వీనికి నాలుగక్షరములు చెప్పించుడు" అని తండ్రి వేడుకొనెను. నేను శాస్త్రము చదివినవాడను గదా! "విద్యకు శ్రవణము మూలము. వినలేని వానికి నేనేమి చెప్పగలను? మగ్గము నేర్పించుకొనుము" అని పంపివేసితిని. తండ్రి మాఱు పలుకక నమస్కరించి వెడలిపోయెను.

ఇరువది యేండ్లు దాటిన తరువాత ఒకనాటి సాయంకాలము మా యూరి పచారి అంగడిలో నిలిచియుంటిని. ఆ బాలుడే పెద్దవాడై అంగడికి వచ్చెను. వానికి చింతపండు కావలెను. నాలుకపై వ్రేలుంచి, కన్నులు మూసి, పులుపునకు మొగము చిట్లించి చూపెను. అంగడివాడు గ్రహించియు గ్రహింపనట్లు నటించి, "మఱల చూపు" మని సైగచేసెను. వాడు మఱల చూపెను. మూడవమాఱును చూపించెను. చుట్టునున్నవారు నవ్విరి. చెప్పుటకు సిగ్గగుచున్నది, నేనును చిఱునవ్వు నవ్వితిని. తుదకు సరకు పొట్లము కట్టి యిచ్చి, చిల్లరలో పది రూపాయలు తక్కువగా ఇచ్చిరి. వాడు వ్రేళ్ళు చూపి లెక్క చెప్పెను. అంగడివాడు చేయి త్రిప్పి లోపలికి పోయెను. నేతలో వేల పోగులు తప్పులేక లెక్కించువాడు, పది రూపాయల లెక్కను ఒకరికి తెలియజెప్పలేక నిలిచిపోయెను. ఒక పలకమీద నాలుగంకెలు వ్రాయనేర్చియుండిన వాని నోరు మూయువా డెవ్వడు? ఆ యంకెలు నేర్పవలసినవాడను నేనే.

నాటినుండి ఈ విషయమునుగూర్చి చదువుచుంటిని.

మన ధర్మశాస్త్రములను మొదట చూతము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున పుట్టుగ్రుడ్డికి, చెవిటికి, మూగకు పిత్రార్జితమున భాగము లేదని చెప్పబడినది. వారికి జీవితాంతము అన్నవస్త్రములు ఇచ్చి పోషింపవలెననియు, ఇయ్యనివాడు పతితుడగుననియు వెంటనే విధింపబడినది. దయ కలదు, అధికారము లేదు. ఈ నిషేధము మన కాలమునకు చేరువ వఱకును నడచినది. 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టము వచ్చిన పిదపగాని చెవిటివానికి ఆస్తిలో భాగము నిశ్చయముగా లభింపలేదు. దీనికి కారణమేమి? వ్యవహారమునకు వాక్కు ముఖ్యమని పూర్వులు తలచిరి. క్రయవిక్రయములు, సాక్ష్యము, ఒడంబడిక ఇవన్నియు మాటపై నడచునవి. మాట లేనివాడు వ్యవహారమునకు వెలిగా నిలిచెను. అంగడిలో చింతపండు కొనుటయు చిన్న వ్యవహారమే గదా! పెద్ద న్యాయస్థానమున వానికి లేని గౌరవము చిన్న అంగడిలో ఎక్కడనుండి వచ్చును?

అయినను వింత యేమనగా, ఈ దేశముననే నోరు మెదపక చేతితో జరుపు వ్యవహారము మిక్కిలి ప్రతిష్ఠ గాంచియుండెను. పదునేడవ శతాబ్దమున టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ రాజ్యమునకు వచ్చి వజ్రపు గనులను చూచెను. ఆతని యాత్రాగ్రంథము 1676లో అచ్చయినది. రావులకొండ యని యాతడు వ్రాసిన గని కర్నూలు సీమయందలి రామళ్ళకోటయని పండితు లూహించిరి. అచ్చటి వర్తకుల బేరమును టావెర్నియే వర్ణించెను. కొనువాడు, అమ్మువాడు ఎదురెదురుగా కూర్చుందురు. ఒకడు నడికట్టు గుడ్డ విప్పి చేతులపై కప్పును. గుడ్డ మాటున చేయి పట్టుకొందురు. చేయంతయు పట్టిన వేయి. అయిదు వ్రేళ్ళు పట్టిన అయిదువందలు. ఒక వ్రేలు నూఱు. వ్రేలి నడిమి కణుపు వఱకు ఏబది. కొన కణుపు పది. ఒక్క పలుకైన లేకయే వజ్రములు చేతులు మాఱును. పదిమంది కూర్చున్నచోట ఒకే పొట్లము ఏడెనిమిది మాఱులు అమ్ముడుపోయినను ప్రక్కవానికి తెలియదని యాతడు వ్రాసెను.

ఇది పాతకథ మాత్రమే యనుకొనవలదు. పశువుల సంతలో దళారి కండువ క్రింద వ్రేళ్ళు పట్టి ఎద్దుల జోడునకు వెలకట్టుట మీలో పలువురు చూచియే యుందురు. అట్టి దళారిని చూచి ఎవ్వరును నవ్వరు. "గట్టివా"డని మెచ్చుకొందురు.

భోజనపు పంక్తి సంగతియు అట్టిదే. మౌనముగా భుజించు నియమముగల వృద్ధులను మనము చూచినారము. విస్తరిపై అఱచేయి చాపిన చాలునని, దొప్పవైపు వ్రేలు చూపిన మజ్జిగ కావలెనని, రెండు వ్రేళ్ళు కలిపి చిటికెడు చూపిన ఉప్పనియు వడ్డించువాడు గ్రహించును. ఒకమాఱు పొరపడిన మఱల వినయముతో అడుగును. ఆ సైగలే చెవిటివాడు హోటలులో చేసినయెడల వింతగా చూచెదరు. సైగ యొకటియే, నియమము పూనినవానికి గౌరవము, విధి పట్టినవానికి పరిహాసము. ఇది న్యాయమా?

మన విద్యలయందును చేతి మాటకు చోటు కలదు. వాత్స్యాయనుడు లెక్కించిన అఱువదినాలుగు కళలలో అక్షరముష్టికాకథన మను నొకటి యున్నది. అనగా వ్రేళ్ళ కూర్పుతో అక్షరములను తెలుపుట. భరతుడు నాట్యశాస్త్రమున 24 అసంయుత హస్తములను, 13 సంయుత హస్తములను చెప్పెను. నందికేశ్వరుని అభినయదర్పణమును మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆనంద కుమారస్వామిగారితో కలిసి ఇంగ్లీషులోనికి మార్చగా అది 1917లో అమెరికాలో అచ్చయినది. ఇంత హస్తవిద్య గల దేశములో నావంటి పంతులు చెవిటి బాలుని బడినుండి పంపివేయుట విచారకరము.

ఇక పాశ్చాత్య దేశముల సంగతి. పదునాఱవ శతాబ్దమున స్పెయిను దేశములో పెద్రో పోన్సే యను సన్న్యాసి ప్రభువుల యిండ్ల చెవిటి పిల్లలకు చదువను వ్రాయను నేర్పెను. అచ్చటనే 1620లో హువాన్ పాబ్లో బోనే యనునతడు చేతివ్రేళ్ళతో చూపు అక్షరమాలను బొమ్మలతో అచ్చువేసెను. పదునెనిమిదవ శతాబ్దమున పారిసు నగరములో లెపే యను మతాచార్యుడు బీదల పిల్లలకు సైగలతోనే చదువు చెప్పు పాఠశాలను నడపెను. ఆ పాఠశాలలో చదివిన లారెంట్ క్లెర్కు అను బధిరుడు అమెరికాకు పోయి, గాలడెట్ అనువానితో కలిసి 1817లో హార్ట్‌ఫర్డు పట్టణమున బడి పెట్టెను.

ఇంతలో విఘాతము కలిగినది. 1880లో ఇటలీ దేశపు మిలాను నగరమున బధిరవిద్యను గూర్చి యొక మహాసభ జరిగెను. 164 మంది ప్రతినిధులలో బధిరు డొక్కడే. సైగలు మాని పెదవుల కదలికచూచి గ్రహించుటయు, నోటితో పలుకుటయు మాత్రమే నేర్పవలెనని సభ తీర్మానించెను. అనేక దేశముల బడులలో పిల్లలు చేయి కదలింపరాదను నియమము ఏర్పడెను. 2010లో కెనడాలోని వాంకూవరున ఆ మహాసభ పరంపరలో జరిగిన సభవారు ఆ తీర్మానమునకు తమ విచారమును ప్రకటించిరి. నడుమ 130 ఏండ్లు గడచిపోయినవి.

పెదవిచదువు ఎంత కష్టమో వ్యాకరణము చదివినవారికి సులభముగా తెలియును. ప ఫ బ భ మ లు ఓష్ఠ్యములు. అన్నిటికిని పెదవులు ఒకేరీతిగా కలియును. "పప్పు" అన్నను "మబ్బు" అన్నను చూచువానికి భేదము లేదు. క వర్గము కంఠ్యము. గొంతులోనే పుట్టును, పైకి కనబడదు. అంగడివాడు నోట తాంబూలముంచుకొని, తక్కెడవైపు వంగి, మీసముల చాటున వెల చెప్పిన చెవిటివాడేమి గ్రహించును? 2020లో కరోనా మహమ్మారి వచ్చి అందఱు ముఖమునకు గుడ్డ కట్టుకొనినప్పుడు ఆ కొంచెము ఆధారమును పోయెను.

దీనికి భిన్నమైన ఊరొకటి లోకమున ఉండెను. అమెరికా తూర్పుతీరమున మార్తాస్ వైన్‌యార్డు అను ద్వీపము కలదు. అచ్చటి కుటుంబములలో చెవుడు వంశపారంపర్యముగా వచ్చుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమంతటను సుమారు 5,700 మందికి ఒక బధిరుడుండగా, ఆ ద్వీపమున 155 మందికి ఒకడు, చిల్‌మార్కు అను గ్రామమున 25 మందికి ఒకడు ఉండెను. ఆ యూరివారు చేసినదేమి? వినగలవారును చిన్ననాటినుండి చేతిభాష నేర్చిరి. అంగడిలో, చేపల పడవలలో, సభలలో చేతులతోనే మాటాడుకొనిరి. నోరా గ్రోస్ అను విదుషి ఆ ద్వీపపు వృద్ధుల నడిగి తెలిసికొని 1985లో గ్రంథము ప్రకటించెను. ఫలానావాడు చెవిటివాడా యని అడిగిన ఆ వృద్ధులు ఆలోచించి చెప్పవలసివచ్చెనట. వానిని చేపలు పట్టువాడుగా, వ్యవసాయదారుగా ఎఱుగుదురు గాని చెవిటివానిగా తలపరు. ఆ వంశపు చెవుడుగల కడపటి వ్యక్తి 1952లో గతించెను. చెవులు అవియే, చెవుడు అదియే. ఊరు మాత్రము వేఱు.

మన దేశమున బొంబాయిలో 1885లోను, కలకత్తాలో 1893లోను బధిరుల పాఠశాలలు వెలసెను. 2011 జనాభా లెక్కలలో వినికిడిలోపము గలవారు 50 లక్షలకు పైబడియున్నారు. భారతీయ సంజ్ఞాభాషకై ఢిల్లీలో 2015లో ఒక కేంద్రము నెలకొల్పిరి. వారు 2018లో 3,000 పదములతో ప్రకటించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. ఆ భాషకు వ్యాకరణమున్నది, పదక్రమమున్నది. చింతపండునకు మొగము చిట్లించుట వంటి ఒంటరి సైగకును దానికిని, శిశువు మాటకును కావ్యమునకును ఉన్నంత భేదము కలదు. 2015లో ముంబయిలో బధిరులే వడ్డించు భోజనశాల యొకటి తెరచిరి. వచ్చినవారు పట్టికలోని బొమ్మచూచి, సైగ నేర్చి, దానితోనే వంటకమును అడుగవలసియుండెను. చెవులున్నవారే అచ్చట శిష్యులైరి!

పట్టణపు హోటళ్ళలో వెలల పట్టిక గోడపై నుండుట చెవిటివానికి మేలు. కాని పలహారము సిద్ధమైనదని చీటీ సంఖ్యను కేకవేసి పిలిచినచో వాడు నిలిచియే యుండును. ఆ సంఖ్యను దీపపు పలకపై చూపిన చిక్కు తీఱును. ఇప్పుడు అంగళ్ళలో డబ్బు ముట్టెనని పలుకు పెట్టెలు వచ్చినవి. అవి అంగడివానికి చెప్పును. కొనినవాడు తన ఫోనుతెర చూచుకొనవలెను. మిక్కిలి బాధ పెట్టునది వేఱొకటి. చెవిటివాడు ఎదుటనే కూర్చుండగా, వడ్డించువాడు తోడువచ్చినవానిని "ఈయనకేమి కావలె"నని యడుగుట. ఆకలి వానిది, డబ్బు వానిది, ప్రశ్న మాత్రము పరునికి.

గ్రామపెద్దలారా! అంగడి అరుగులమీద కూర్చుండువారు మీరు. మీ యెదుట ఏది జరిగిన అది ఊరి ఆచారమగును. చెవిటివాడు వచ్చినప్పుడు వాని మొగము చూచి, వెలుతురున నిలిచి, తొందరలేక మాటాడుడు. అఱచుటవలన ప్రయోజనము లేదు. పెదవులు వికృతమై ఉన్న తెలివియు చెడును. వెలను అంకెలతో వ్రాసి చూపుమని అంగడివానికి చెప్పుడు. చిల్లరను వాని యెదుట లెక్కించి యిప్పించుడు. నవ్వువానిని మందలింపుడు. మీ యూర చెవిటి పిల్లలున్న తప్పక బడికి పంపించుడు. వెనుకటి నావంటి పంతులెవడైన కాదనిన ఒప్పుకొనవలదు.

ఆ నేతగాని కథ ముగించెదను. అంగడిలో చూచిన మఱునాడే పలక తీసికొని వాని యింటికి పోయితిని. తండ్రి అప్పటికే లేడు. వాడు నన్ను గుర్తించి, చాప పఱచెను. సాయంకాలములందు అంకెలు నేర్పితిని. లెక్క వానికి ముందే తెలిసియుండుటచే గుర్తులు మాత్రమే నేర్పవలసివచ్చెను. అవి కొలది దినములలో వచ్చెను. సరకుల పేర్లు నెలలు పట్టినవి. వాడు నాకు తన సైగలు నేర్పెను, నేను మందశిష్యుడను. ఒకనాడు వాడు చీటీ వ్రాసికొని అంగడికి పోవుచుండగా నేనును వెంట పోయితిని. అంగడివాడు చీటీ చదివి, మాఱు మాటలేక తూచి యిచ్చెను. వాడు మొత్తము కూడి, చివర గీత గీచి, సొమ్ము చెల్లించి, మిగిలిన చిల్లర యెంతయో వ్రాసి చూపెను. ఒక్క రూపాయి తగ్గలేదు. చింతపండునకు వాడు మొగము చిట్లింపలేదు, ఎవ్వరును నవ్వలేదు.

ఏడేండ్ల ప్రాయమున నేను చెప్పవలసిన పాఠము అది. ఇరువది యేండ్లు ఆలస్యముగా చెప్పితిని. మీ యూరి బాలునకు అంత ఆలస్యము కాకుండుగాక!

స్వస్తి.