ఫిల్మ్ సొసైటీ: సినిమా చూసి మాట్లాడుకోవడం ఒక ఉద్యమమైన తీరు

సభ్యుల చందాలతో, లాభాపేక్ష లేకుండా నడిచే సినిమా సంఘాన్ని ఫిల్మ్ సొసైటీ అంటారు. మామూలు థియేటర్లకు రాని సినిమాలను ఎక్కడెక్కడి నుంచో తెప్పించి సభ్యులకు చూపించడం, చూసిన తరువాత దాని మీద చర్చించుకోవడం దీని పని. సత్యజిత్ రే, ఆదూర్ గోపాలకృష్ణన్ వంటి దర్శకులు సినిమా తీయకముందే ఫిల్మ్ సొసైటీలు నడిపారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సేకరించిన ప్రింట్లు దేశమంతా తిరిగింది ఎక్కువగా ఈ సంఘాల ద్వారానే.

సినిమా గురించి మాట్లాడుకోవడం కాలక్షేపమేనని అనిపించవచ్చు. కానీ ఏ సినిమా మిగలాలి, ఏది మరుగున పడాలి అన్నది చాలాసార్లు ఆ మాటల్లోనే తేలింది. ఎవరూ తలుచుకోని సినిమా ప్రింటును కాపాడటానికి డబ్బు పెట్టేవారు దొరకడం కష్టం.

మొదలు: కలకత్తా, 1947

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947 అక్టోబరులో కలకత్తా ఫిల్మ్ సొసైటీ ఏర్పడింది. అప్పటికి ఒక ప్రకటనల కంపెనీలో చిత్రకారుడిగా పనిచేస్తున్న సత్యజిత్ రే, విమర్శకుడు చిదానంద దాస్‌గుప్తా దీని వెనుక ఉన్నవారిలో ముఖ్యులు. వారు మొదట ప్రదర్శించినది ఐసెన్‌స్టీన్ తీసిన సోవియట్ మూకీ చిత్రం ‘బాటిల్‌షిప్ పొటెమ్కిన్’ (1925).

1950లో కంపెనీ పని మీద లండన్ వెళ్లిన రే కొద్ది నెలల్లోనే వంద దాకా సినిమాలు చూశాడు. వాటిలో విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’ అతనికి దారి చూపించింది. పెద్ద తారలు, స్టూడియో సెట్లు లేకుండా కూడా సినిమా తీయవచ్చన్న ధైర్యం దాని నుంచే వచ్చింది. ఫలితం ‘పథేర్ పాంచాలి’ (1955).

1952 జనవరిలో భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరాలకు వెళ్లింది. ఇటలీ నవ్య వాస్తవికతా చిత్రాలను ఇక్కడి దర్శకులు, ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో చూసింది అప్పుడే. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953) మీద ఆ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

సమాఖ్య, ఆర్కైవ్

1959 డిసెంబరులో కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, పట్నా, రూర్కీ సొసైటీలు కలిసి ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. దీనికి అధ్యక్షుడు సత్యజిత్ రే. ఇందిరా గాంధీ, మద్రాసుకు చెందిన అమ్ము స్వామినాథన్ ఉపాధ్యక్షుల్లో ఉన్నారు. పట్నాలో, ఆ తరువాత ఢిల్లీలో సొసైటీలను నిలబెట్టిన విజయా మూలే కూడా ఈ తొలి తరంలోనివారే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా అదే కాలంలో కదలిక వచ్చింది. ఎస్.కె.పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన ఫిల్మ్ ఎంక్వయిరీ కమిటీ 1951లో ఇచ్చిన నివేదిక సినిమా శిక్షణ సంస్థను, ఆర్థిక సహాయ సంస్థను ఏర్పాటు చేయాలని సూచించింది. 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, అదే ఏడాది ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చాయి.

ఆర్కైవ్‌ను నిలబెట్టిన వ్యక్తి పి.కె.నాయర్. దాదాసాహెబ్ ఫాల్కే చిత్రాల శకలాలు మొదలుకొని దేశవిదేశాల సినిమాల వరకు వేల ప్రింట్లను ఆయన సేకరించారు. సేకరించి బీరువాల్లో దాచిపెట్టడంతో ఆగలేదు. ఆ ప్రింట్లు ఫిల్మ్ సొసైటీలకు, కళాశాలలకు వెళ్లేలా చూశారు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా రసాస్వాదన బోధించిన సతీశ్ బహదూర్‌తో కలిసి ఆయన నడిపిన వేసవి కోర్సులు ఎన్నో ఊళ్లలో సొసైటీ నిర్వాహకులను తయారుచేశాయి. నాయర్ జీవితంపై శివేంద్ర సింగ్ డూంగర్‌పూర్ తీసిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ (2012) ఈ చరిత్రకు మంచి ఆధారం.

ఎలా నడిచేవి?

సొసైటీ టికెట్లు అమ్మదు. సభ్యత్వ రుసుమే దాని ఆదాయం. సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరై, ఫెడరేషన్‌లో చేరిన సొసైటీలు సెన్సార్ కాని విదేశీ చిత్రాలను కూడా సభ్యులకు మాత్రమే చూపించేందుకు వెసులుబాటు ఉండేది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలోని 9వ సెక్షన్ ఇలాంటి మినహాయింపులు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కల్పిస్తోంది.

సినిమాలు ఆర్కైవ్ నుంచి, విదేశీ రాయబార కార్యాలయాల నుంచి, మాక్స్ ముల్లర్ భవన్, అలయాన్స్ ఫ్రాన్సేజ్ వంటి సాంస్కృతిక కేంద్రాల నుంచి వచ్చేవి. రీళ్ల పెట్టెలు రైల్లో ఒక ఊరి నుంచి మరో ఊరికి ప్రయాణించేవి. అద్దెకు తెచ్చిన 16 ఎం.ఎం. ప్రొజెక్టర్, ఒక కళాశాల హాలు, సినిమాను పరిచయం చేసే సైక్లోస్టైల్ కాగితం, చివర్లో చర్చ. అంతే సరంజామా.

ఈ వెసులుబాటుకు మరో ముఖం కూడా ఉంది. 1970ల్లో నగరాల సొసైటీల్లో సభ్యత్వం ఒక్కసారిగా పెరగడానికి కారణం కళాతృష్ణ ఒక్కటే కాదు. సెన్సార్ కత్తెర పడని శృంగార దృశ్యాల కోసం చేరినవారూ తక్కువేమీ కాదు. సినిమా పూర్తికాగానే హాలు ఖాళీ అయ్యేది, చర్చకు పదిమంది మిగిలేవారు. వీడియో క్యాసెట్లు వచ్చాక ఆ సభ్యులు అటు మళ్లారు. ఉద్యమం బలం సభ్యుల జాబితాలో కాక, చివరిదాకా కూర్చున్న ఆ పదిమందిలో ఉందని అప్పుడు తేలింది.

వక్కతోటల ఊళ్లో డి సికా

ఫిల్మ్ సొసైటీ అంటే నగరాల్లో ఇంగ్లిషు చదువుకున్నవారి వ్యాపకం అన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. దానికి గట్టి జవాబు కర్ణాటకలోని హెగ్గోడు. శివమొగ్గ జిల్లాలోని ఈ చిన్న పల్లెలో 1949లో మొదలైన నాటక సంస్థ నీనాసం. దాన్ని నడిపించిన కె.వి.సుబ్బణ్ణ 1970ల్లో ఫిల్మ్ సొసైటీని కూడా ప్రారంభించారు. నాయర్ సహకారంతో ‘పథేర్ పాంచాలి’, ‘బైసికిల్ థీవ్స్’ వంటి చిత్రాలు అక్కడి రైతులు, కూలీలు, గృహిణుల ముందుకు వచ్చాయి. భాష రానివారికి కథను ముందే కన్నడలో వివరించేవారు. దశాబ్దాల తరువాత కూడా ఆ ఊరివాళ్లు ఆ సినిమాల గురించి చెప్పుకోవడం ‘సెల్యులాయిడ్ మ్యాన్’లో చూడవచ్చు. సుబ్బణ్ణకు 1991లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

కేరళలో 1965లో ఆదూర్ గోపాలకృష్ణన్, మిత్రులు ‘చిత్రలేఖ’ను స్థాపించారు. సొసైటీగా మొదలైన ఆ సంస్థే ఆదూర్ తొలి చిత్రం ‘స్వయంవరం’ (1972) నిర్మించింది. తరువాతి కాలంలో జాన్ అబ్రహం, ఆయన సహచరుల ఒడెస్సా బృందం ఊరూరా జనం దగ్గర చిన్న చిన్న మొత్తాలు వసూలు చేసి ‘అమ్మ అరియాన్’ (1986) తీసింది. చూడటం, మాట్లాడుకోవడం, తీయడం అనే మూడింటి మధ్య గోడలు కేరళలో ఇలా కరిగాయి. తిరువనంతపురం చలనచిత్రోత్సవంలో ఈనాటికీ కనిపించే పొడవాటి క్యూల వెనుక ఈ నేపథ్యం ఉంది.

సరిహద్దు అవతల ఢాకాలో 1963లో ‘పాకిస్తాన్ ఫిల్మ్ సొసైటీ’ పేరుతో మొదలైన సంఘం, విముక్తి తరువాత బంగ్లాదేశ్ సొసైటీ ఉద్యమానికి పునాది అయింది. ఢాకా అంతర్జాతీయ చలనచిత్రోత్సవాన్ని 1992 నుంచి నిర్వహిస్తున్నది కూడా రెయిన్‌బో అనే ఫిల్మ్ సొసైటీయే.

తెలుగు నేల మీద

తెలుగునాట ఈ ఉద్యమం 1970ల్లో ఊపందుకుంది. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వంటి సంస్థలు నగరంలో ప్రపంచ సినిమాకు చిరునామా అయ్యాయి. కరీంనగర్ వంటి జిల్లా కేంద్రంలోనూ ఫిల్మ్ సొసైటీ నడిచింది. అదే కాలంలో వేరే భాషల దర్శకులు వచ్చి తెలుగులో సినిమాలు తీశారు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), శ్యామ్ బెనెగల్ ‘అనుగ్రహం’ (1978) వచ్చాయి. బి.నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంలో బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెర మీదికి తెచ్చింది.

అయితే తెలుగునాట సినిమా చర్చకు అసలు కేంద్రం అభిమాన సంఘం. మొదటి ఆట, కటౌట్లు, వంద రోజుల సెంటర్లు, వసూళ్ల లెక్కలు దాని భాష. ఇటీవల అది పాత సినిమాల వైపు కూడా తిరిగింది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు, ఆ వెంటనే పవన్ కల్యాణ్ ‘జల్సా’ ఇచ్చిన ఉత్సాహంతో రీ-రిలీజులు ఒక ఒరవడిగా మారాయి.

రెండు చోట్లా జనం పాత సినిమా చుట్టూనే చేరుతున్నారు. కానీ రీ-రిలీజుకు వచ్చేది డైలాగులన్నీ కంఠతా వచ్చినవారు. వారికది పండుగ. ఫిల్మ్ సొసైటీకి వచ్చేది తెలియని సినిమాతో పరిచయం కోసం. మొదటిది జ్ఞాపకాన్ని నిలబెడుతుంది, రెండోది కొత్త జ్ఞాపకాన్ని సంపాదించిపెడుతుంది. తారల పేరు తోడులేని మంచి సినిమాకు రీ-రిలీజు దారి దొరకదు, దానికి రెండోదే దిక్కు.

టీవీ చేసిన మేలు, కీడు

1980ల్లో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలను ఇంగ్లిషు సబ్‌టైటిళ్లతో ప్రసారం చేసేది. సొసైటీ మొహం ఎరగని ఊళ్లలో కూడా బెంగాలీ, మలయాళ, అస్సామీ సినిమాలు చూసిన తరం ఒకటి అలా తయారైంది. ఛానల్ ఒక్కటే కావడంతో సోమవారం ఉదయం ఆఫీసులో, బడిలో అందరూ మాట్లాడుకునేది ఒకే సినిమా గురించి. 1990ల్లో కేబుల్ టీవీ, తరువాత సీడీలు, ఇప్పుడు ఓటీటీలు ఎంపికను పెంచాయి. అందరూ ఒకే సినిమా చూసి వాదించుకునే సందర్భం మాత్రం తగ్గింది.

ఎంపిక పెరిగిందన్నది కూడా కొంతవరకే నిజం. హక్కుల గడువు తీరగానే సినిమా ఓటీటీ నుంచి మాయమవుతుంది. 1950ల నాటి చిత్రాలు చాలావరకు అక్కడ దొరకవు.

మాటలు మిగిల్చిన సినిమాలు

గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ (1959) విడుదలైనప్పుడు ఘోరంగా ఆడలేదు. ఆ దెబ్బకు ఆయన మళ్లీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. ఈ రోజు దాన్ని హిందీ సినిమా శిఖరాల్లో ఒకటిగా లెక్కిస్తున్నారంటే, ఆయన మరణానంతరం ఆ సినిమాను మళ్లీ మళ్లీ చూపించి, వాదించి నిలబెట్టినవారే కారణం. ఋత్విక్ ఘటక్ చిత్రాలదీ దాదాపు ఇదే కథ.

మరోవైపు, దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. వెయ్యికి పైగా మూకీలు తీసిన దేశంలో పూర్తిగా మిగిలినవి అతి కొద్ది. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో మరికొన్ని పాత నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి.

అపూ చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి. అయినా ప్రపంచమంతటా వాటికి ఉన్న ఆదరణ వల్ల పనికివచ్చే భాగాలను వెలికితీసి, ఇతర ప్రింట్లతో కలిపి 2015లో పునరుద్ధరించారు. అయిదు లక్షల మంది గుజరాత్ పాడిరైతులు తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మించిన ‘మంథన్’ (1976) పునరుద్ధరణ తరువాత 2024లో కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. ఆ పని చేసిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌ను స్థాపించినది ‘సెల్యులాయిడ్ మ్యాన్’ దర్శకుడే. తలుచుకునేవారు ఉన్న సినిమాకే రెండో జన్మ దొరుకుతోంది.

ఈ రోజు ఒక సొసైటీ పెట్టాలంటే

ప్రొజెక్టర్, తెర, మంచి స్పీకర్లు ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. రిజిస్ట్రేషన్, ఫెడరేషన్ సభ్యత్వం పాత పద్ధతిలోనే ఉన్నాయి. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 2022లో ఎన్ఎఫ్‌డీసీలో విలీనమైంది కాబట్టి ఆర్కైవ్ సినిమాలు కావాలంటే ఆ సంస్థను సంప్రదించాలి. ఒక జాగ్రత్త అవసరం: ఇంట్లో చూడటానికి కట్టే ఓటీటీ చందా హాల్లో పదిమందికి ప్రదర్శించే హక్కును ఇవ్వదు. హక్కుదారు అనుమతి విడిగా తీసుకోవాలి.

డబ్బుతో సమకూరనిది ఒక్కటే: సినిమా అయ్యాక లేచి వెళ్లకుండా కూర్చునే మనుషులు. నచ్చలేదని చెప్పేవాడు, ఎందుకు నచ్చలేదని అడిగేవాడు ఒకే గదిలో ఉన్నంతకాలం సొసైటీ నడుస్తుంది.