పాత మెదక్ జిల్లా సంఘములలో భయము – నమ్మిక: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

భయపడవద్దని మన ప్రసంగములలో తరచుగా చెబుతుంటాము. అయితే మన ప్రాంతపు విశ్వాసులు నిజముగా దేనికి భయపడ్డారు, ఆ భయము ఎదుట విశ్వాసము ఏమి చేసింది అని సంఘ చరిత్రను అడిగి చూడటము అరుదు. ఈ వ్యాసములో మేము పాత మెదక్ జిల్లాను తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నాము. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము సంగారెడ్డి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి వేరు జిల్లా అయింది. నేటి పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలు దానిలోనివే. ప్రమాదము ఉండగానే దానికి లొంగి బ్రదుకవలసిన అవసరము నుండి విశ్వాసము మనుష్యుని విడిపిస్తుందని, ఆ విడుదల ఒక్క దినములో జరిగేది కాదని ఈ చరిత్ర చూపుతుందని మా అభిప్రాయము.

పల్లెలో భయము

వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు హైదరాబాదు సంస్థానములో 1879–80లో పని ఆరంభించారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ శతాబ్దపు చివరి ఏండ్లలో మెదక్ చేరారు. సువార్తను అంగీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడలవారు. వారి భయములు రెండు రకములు. మొదటిది మనుష్యుల భయము: దొర, పటేలు, పట్వారీ పిలిస్తే కూలి లేకుండా వెట్టి చేయవలసిందే. రెండవది రోగభయము: మశూచి వస్తే పోచమ్మకు కోపము వచ్చిందని ఊరంతా నమ్మేది. అమ్మవారిని శాంతింపజేయడానికి చేసే కొలుపులో పాలు పంచుకోని ఇంటిని, కీడు తెచ్చిన ఇల్లని అనుకొనేవారు. కాబట్టి బాప్తిస్మము పొందిన కుటుంబము దేవత కోపమునకే గాక ఊరి కోపమునకు కూడా జంకవలసి వచ్చేది.

ఈ భయమును వారు ఒంటరిగా ఎదుర్కొనలేదు. బంధువులు, ఇరుగుపొరుగు కలిసి గుంపులుగా బాప్తిస్మము పొందారు. మిషను కూడా బోధతో సరిపెట్టలేదు. మెదక్‌లో పాఠశాలలు, వైద్యశాల వెలిశాయి. పోస్నెట్ సహోదరి ఎమిలీ పోస్నెట్, ఆమె సహచరి దీర్ఘకాలము స్త్రీల మధ్య పరిచర్య చేశారు. కరవు దినములలో పేదలకు పని కల్పించిన మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది.

1959 నాటి సాక్ష్యము

మిషనరీ చరిత్రలను పైపైన చదివితే బాప్తిస్మముతోనే పాత భయములన్నీ పోయినట్లు అనిపిస్తుంది. 1959లో పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ అధ్యక్ష మండలములోని జంగరాయి ప్రాంతపు పల్లెలలో పరిశోధన చేసి, 1968లో ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ అను గ్రంథమును ప్రచురించారు. యేసుకు ప్రార్థించే కుటుంబములలో అనేకులు ఊరి పండుగలను, గ్రామదేవత కొలుపులను పూర్తిగా విడువలేదని వారు గమనించారు.

దీనిని నామకార్థ క్రైస్తవ్యమని త్రోసివేయడము సులభము. కాని బిడ్డ ఒళ్ళు కాలిపోతుండగా, నీ వల్లనే అని ఇరుగుపొరుగు అంటుండగా, తల్లి రెండు వైపులా చేతులు చాపింది. మార్కు 9:24లోని తండ్రి కూడా నమ్మికను, అపనమ్మికను ఒకే నోట ఒప్పుకొన్నాడు. ప్రభువు అతనిని వట్టిచేతులతో పంపలేదు. మశూచి విషయములో దేవుడు టీకాను కూడా వాడుకొన్నాడు: 1975 తరువాత మన దేశములో ఆ రోగము లేదు. అయినను భయము పోలేదు. కార్మన్, చిల్కూరి వసంతరావు యాభై ఏండ్ల తరువాతి స్థితిని పరిశీలించి 2014లో ప్రచురించిన గ్రంథములో, పాత సంఘములు కొన్ని క్షీణించగా కొత్తవి లేచాయని, స్వస్థత కోసము జనులు యేసు నొద్దకు వస్తున్నారని చూపారు.

కర్మాగారముల నడుమ

1970వ దశకము నుండి పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు పెరిగాయి. వ్యర్థజలములతో నక్కవాగు చెడింది. ఈ ప్రాంత కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో అనేకులు ఇతర రాష్ట్రముల నుండి బ్రదుకుదెరువుకై వచ్చినవారు. ఇట్టి చోట పనిచేసే కార్మికునికి రెండు భయములు: ఒకటి రియాక్టరు భయము, మరొకటి ఆ మాట బయటికి చెబితే కాంట్రాక్టరు రేపటి నుండి రావద్దంటాడను భయము. ఈ రెండవది నాటి వెట్టి భయమునకు దగ్గర చుట్టము.

ధైర్యముగా పనికి పొమ్మని ప్రార్థించి పంపితే కాపరి బాధ్యత తీరదు. మిద్దెకు పిట్టగోడ కట్టని యజమానుని మీదికి రక్తాపరాధము వస్తుందని ద్వితీయోపదేశకాండము 22:8 హెచ్చరిస్తుంది. దేవాలయ శిఖరము నుండి దూకుమన్న అపవాదికి మన ప్రభువు లొంగలేదు. అది దేవుని శోధించడమేనని చెప్పాడు (మత్తయి 4:5–7). కాబట్టి రక్షణ సాధనములు అడిగే కార్మికుని విశ్వాసము తక్కువైనదని ఎవరూ అనరాదు. దేవునికి భయపడువాడు మనుష్యుని ఎదుట సత్యము పలుకగలడు (మత్తయి 10:28).

ముగింపు

నాటి వాడలవారు కలిసి నిలిచారు గనుక భయమును దాటగలిగారు. నేటి కార్మికుని పక్షమున ఎవరు నిలుస్తారు? అతడు నోరు తెరచి పని పోగొట్టుకొన్న నెలలో సంఘము అతని ఇంటికి బియ్యము పంపుతుందా? భాష వేరైనా, మతము వేరైనా, చనిపోయినవాని భార్య యొద్దకు మనము వెళ్తామా? పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్ళగొడుతుందని యోహాను వ్రాసినది (1 యోహాను 4:18) సంఘము చేత నెరవేరవలసిన మాట. రేపు పరిచర్యలో ప్రవేశించే వేదాంత విద్యార్థులు ప్రసంగము సిద్ధపరచుటకు ముందు తమ సంఘస్థుల షిఫ్టు వేళలు, వారు చేసే పని, వారి భయములు అడిగి తెలిసికొందురు గాక.