పాలిమర్ నానోకణాలు (ఔషధ, టీకా వాహకాలు)

పాలిమర్ నానోకణాలు అనగా బృహదణువులతో (పాలిమర్లతో) తయారు చేయబడి, తమలో ఔషధాన్ని గాని టీకా పదార్థాన్ని గాని ఇముడ్చుకొని, శరీరంలో నెమ్మదిగా విడుదల చేసే సూక్ష్మ రేణువులు. వీటి పరిమాణం 1000 నానోమీటర్ల లోపు ఉంటుంది. ఒక నానోమీటరు మీటరులో వంద కోట్లవ వంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. నానోకణాల కంటే పెద్దవై, మైక్రోమీటర్లలో కొలవదగిన రేణువులను మైక్రోకణాలు అంటారు. రెండింటికీ వాడే పదార్థాలు చాలావరకు ఒకటే కనుక వీటి చరిత్ర కలిసే నడిచింది.

ఆవశ్యకత

సూదిమందుగా ఇచ్చిన ఔషధం రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపిస్తుంది. అందువలన కేన్సర్ మందులు వ్యాధిగ్రస్త కణాలతో పాటు ఆరోగ్యవంతమైన కణాలను కూడా దెబ్బతీస్తాయి. కొన్ని మందులు నీటిలో కరగవు. ఉదాహరణకు పాక్లిటాక్సెల్ అనే కేన్సర్ మందును కరిగించడానికి ఆముదం నుండి తయారైన ఒక ద్రావకాన్ని వాడతారు. ఈ ద్రావకం కొందరు రోగులలో తీవ్రమైన ఎలర్జీని కలిగిస్తుంది.

టీకాల విషయంలో సమస్య వేరు. అనేక టీకాలను ఒకటి కంటే ఎక్కువ మార్లు ఇవ్వవలసి ఉంటుంది. భారతదేశంలో పెంటావాలెంట్ టీకాను శిశువులకు 6, 10, 14 వారాల వయసులో మూడు మోతాదులుగా ఇస్తారు. మొదటి మోతాదు తరువాత మళ్ళీ రాని శిశువులకు పూర్తి రక్షణ లభించదు. అన్ని మోతాదులనూ ఒకే సూదిలో ఇచ్చి, వాటిని శరీరంలోనే వేర్వేరు సమయాలలో విడుదల చేయించడం ఈ రంగపు ముఖ్య లక్ష్యాలలో ఒకటి.

చరిత్ర

స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో పీటర్ స్పైజర్ బృందం టీకాల శక్తిని పెంచడానికి నానోకణాలను రూపొందించి, 1976లో ఫలితాలను ప్రచురించింది. వారు వాడిన పాలీఅక్రిలమైడ్ శరీరంలో విచ్ఛిన్నం కాదు. అదే సంవత్సరం అమెరికాలో రాబర్ట్ లాంగర్, జుడా ఫోక్‌మన్‌లు ప్రొటీన్ల వంటి పెద్ద అణువులను కూడా పాలిమర్ నుండి నెమ్మదిగా విడుదల చేయించవచ్చని నిరూపించారు. 1979లో పాట్రిక్ కువ్రూర్ తన సహచరులతో కలిసి, శరీరంలో విచ్ఛిన్నమయ్యే సయనోఅక్రిలేట్ నానోకణాలను వెలువరించాడు.

1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రోస్టేట్ కేన్సర్ చికిత్సకు లూప్రాన్ డిపో అనే మైక్రోకణాల మందును ఆమోదించింది. దీనివలన ప్రతిరోజూ తీసుకోవలసిన సూది నెలకు ఒకటిగా తగ్గింది. పాక్లిటాక్సెల్‌ను ఆముదపు ద్రావకం లేకుండా పాలిమర్‌లో ఇమిడ్చిన మందులలో జెనెక్సాల్-పీఎమ్ 2007లో దక్షిణ కొరియాలో ఆమోదం పొందింది. అదే కాలంలో భారతదేశంలో నానోక్సెల్ విడుదలైంది.

మూలపదార్థాలు

ఈ రంగంలో ఎక్కువగా వాడబడే పాలిమర్ పీఎల్‌జీఏ. ఇది లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లం గొలుసుగా కలిసి ఏర్పడుతుంది. శస్త్రచికిత్సలో తమంతట తామే కరిగిపోయే కుట్లదారాలు కూడా ఈ రకపు పాలిమర్లతోనే తయారవుతాయి. శరీరంలోని నీరు పీఎల్‌జీఏ గొలుసులను క్రమంగా తెంచుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. మిగిలిన ఆమ్లాలు చివరకు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారి వెలుపలికి పోతాయి. రెండు ఆమ్లాలూ సమపాళ్ళలో ఉన్న రకం త్వరగా విచ్ఛిన్నమవుతుంది. లాక్టిక్ ఆమ్లం పాలు పెరిగిన కొలదీ విడుదల కాలం పెరుగుతుంది. రొయ్యల పెంకుల నుండి లభించే కైటోసాన్ వంటి సహజ పాలిమర్లను కూడా వాడతారు.

తయారీ విధానం

నీటిలో కరిగే టీకా ప్రొటీన్ల కొరకు జంట ఎమల్షన్ పద్ధతి వాడుకలో ఉంది.

1. ప్రొటీన్ కరిగిన నీటిని, పాలిమర్ కరిగిన సేంద్రియ ద్రావకంలో చిలికి సన్నని బిందువులుగా చేస్తారు.
2. ఆ మిశ్రమాన్ని పాలీవినైల్ ఆల్కహాలు గల నీటిలో మళ్ళీ చిలుకుతారు.
3. ద్రావకం ఆవిరి కాగా పాలిమర్ గట్టిపడి, ప్రొటీన్‌ను లోపల బంధించిన రేణువులు మిగులుతాయి.
4. రేణువులను కడిగి, గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టి పొడిగా నిల్వ చేస్తారు.

టీకాలలో పనిచేసే విధానం

నానోకణాలు పరిమాణంలో వైరస్‌లను పోలి ఉండుటచేత శరీరంలోని డెండ్రిటిక్ కణాలు వాటిని సులువుగా మింగుతాయి. ఆ కణాలు లోపలి ప్రొటీన్ ముక్కలను శోషరస గ్రంథులలోని రోగనిరోధక కణాలకు చూపుతాయి. కొన్ని చిన్న నానోకణాలు సూటిగా శోషరస గ్రంథులకే చేరగలవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సాహంతో ఒకే మోతాదు ధనుర్వాత టీకాకై పీఎల్‌జీఏ మైక్రోకణాలపై విస్తృత పరిశోధనలు జరిగాయి. జంతువులలో ప్రతిరక్షకాలు బాగా ఏర్పడినా ఒక చిక్కు ఎదురైంది. పాలిమర్ విచ్ఛిన్నమయ్యేటప్పుడు పుట్టే ఆమ్లం రేణువు లోపలే పేరుకొని, విడుదలకు ముందే ప్రొటీన్‌ను పాడుచేసింది. అనగా పాలిమర్‌ను శరీరానికి సురక్షితం చేసే గుణమే టీకాకు హాని చేసింది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వంటి క్షారాన్ని కలిపి ఆమ్లాన్ని అణచవచ్చని 2000లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. 2017లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు మూతగల చిన్న గిన్నెల వంటి పీఎల్‌జీఏ మైక్రోకణాలను చేసి, ఎలుకలలో వేర్వేరు రోజులలో ఒక్కసారిగా తెరుచుకునేట్లు చేయగలిగారు.

కోవిడ్-19 ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలలో ఉన్నవి పాలిమర్ నానోకణాలు కావు, అవి కొవ్వు పదార్థాలతో చేసిన లిపిడ్ నానోకణాలు.

పరిమితులు

- రక్తంలో ప్రవేశించిన నానోకణాలను కాలేయం, ప్లీహం లోని భక్షక కణాలు త్వరగా తొలగిస్తాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత పూసి ఈ తొలగింపును ఆలస్యం చేయవచ్చని 1994లో లాంగర్ బృందం చూపింది. అయితే కొందరిలో ఈ పూతకే ప్రతిరక్షకాలు ఏర్పడతాయి.
- జంతు ప్రయోగాలను సమీక్షించిన 2016 నాటి విశ్లేషణ ప్రకారం, ఇచ్చిన నానోకణాలలో కేన్సర్ కణితికి చేరేది మధ్యగత విలువగా 0.7 శాతం మాత్రమే.
- కేన్సర్ కణాలను వెతికి పట్టుకొనునట్లు రూపొందించిన బైండ్-014 అనే నానోకణ మందు మానవ పరీక్షలలో ఆశించిన ఫలితాలివ్వలేదు. దానిని రూపొందించిన సంస్థ 2016లో దివాలా రక్షణ కోరింది.
- వేడిచేస్తే రేణువులు పాడవుతాయి కనుక వడపోత, గామా కిరణాల వంటి పద్ధతులతో క్రిమిరహితం చేయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- నానోటెక్నాలజీ
- టీకా
- ధనుర్వాతం
- పాలిమర్