భాగ్‌మతి: పాతబస్తీలో ఒక ఆడపిల్ల పేరు

పిల్లల్ని చార్మినార్ చూపించడానికి తీసుకెళ్లిన ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న తప్పదు. "సార్, భాగ్‌మతి నిజంగా ఉందా?" గైడు ఆమెను ప్రేమకథగా చెబుతాడు. 2018లో వచ్చిన సినిమా ఆ పేరుకు భయం జోడించింది. రాజకీయ నాయకులు ఆమె పేరుతో నగరం పేరు మీద వాదించుకుంటారు. అడిగిన పిల్ల పేరు సోమ్లీయో, మంగ్లీయో అయితే ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. రాతలో లేని మనిషి ఉన్నట్టా, లేనట్టా? అందుకే నగరం పేరు గొడవ పక్కన పెట్టి, ఒక ఆడపిల్ల పేరుగా భాగ్‌మతిని చూద్దాం.

పేరులో ఏముంది?

భాగ్యమ్మ, భాగ్యలక్ష్మి, ఉత్త భాగ్య, ఈ పేర్లు తెలుగు ఊళ్లలో ఎక్కడైనా వినిపిస్తాయి. భాగ్‌మతి మాత్రం అరుదు. హైదరాబాద్ అనగానే గుర్తొచ్చే ఈ పేరును హైదరాబాద్‌లోనే కన్నబిడ్డకు పెట్టుకునేవాళ్లు తక్కువ. పాత రాతల్లో ఆమెను వేశ్య అనటం ఇందుకు ఒక కారణం కావచ్చు.

అర్థం సులువే. 'భాగ్' అంటే దక్కనీలో, హిందీలో అదృష్టం, నొసటి రాత. సంస్కృతంలోని 'భాగ్యం' జనం నోట్లో అరిగి 'భాగ్' అయింది. 'మతి' అంటే 'కలిగినది'. భాగ్‌మతి అంటే అదృష్టం గల పిల్ల.

ఇక్కడ తెలుగు మాస్టారు ఒక అభ్యంతరం చెబుతారు. 'కలిగినది' అనే అర్థంలో అకారం, ఆకారం చివర ఉన్న మాటకు 'వతి' వస్తుంది: గుణవతి, కళావతి, లీలావతి. ఇకారం, ఉకారం వంటివి ఉంటే 'మతి' వస్తుంది: బుద్ధిమతి, భానుమతి, ఇందుమతి. ఆ లెక్కన 'భాగ్యవతి' కావాలి, 'భాగ్యమతి' తప్పు అంటారు.

మాస్టారు చెప్పిన సూత్రం సరైనదే. కానీ గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల తోటకు వెళ్లి చూడండి. అక్కడ తారామతి, ప్రేమామతి అనే ఇద్దరి సమాధులున్నాయి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు ఆటపాటల కళాకారిణులుగా వాళ్లను చెబుతారు. సూత్రం ప్రకారం వాళ్లు తారావతి, ప్రేమవతి కావాలి, కాలేదు. అంతెందుకు, మన హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి. ఆమెను చంద్రవతి అని దిద్దిన తెలుగువాడు లేడు. భాగ్‌మతి, తారామతి, ప్రేమామతి అని వరసగా పలికితే ఒక సంగతి తెలుస్తుంది. గోల్కొండ చుట్టుపక్కల ఈ 'మతి' పేర్లకు ఒక వాడుక ఉంది. భాగ్‌మతి కథను ఎవరో కల్పించారనుకున్నా, ఆ పేరు ఆ నేలకు అతికే పేరే.

ఎవరు రాశారు, ఎవరు రాయలేదు

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580 నుంచి 1612 దాకా పాలించాడు. 1591లో చార్మినార్ కట్టాడు. జనం చెప్పుకునే కథ ఇది: యువరాజుగా ఉన్నప్పుడు మూసీ అవతలి చిచిలం గ్రామంలోని భాగ్‌మతిని ప్రేమించాడు. వరదలో గుర్రం మీద నది దాటాడు. భయపడిన తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. తర్వాత ఆమె పేరున భాగ్‌నగర్ వెలిసింది. ఆమెకు హైదర్ మహల్ అనే బిరుదు వచ్చాక నగరం హైదరాబాద్ అయింది. ఆ చిచిలం నేటి శాలిబండ ప్రాంతమని చెబుతారు.

ఈ కథను సమర్థించే రాతలున్నాయి. అక్బర్ దక్కనుకు పంపిన రాయబారి, కవి ఫైజీ ఆ రోజుల్లోనే భాగ్‌నగర్ పేరును, భాగ్‌మతి పేరును రాశాడు. బీజాపూర్‌లో కూర్చుని చరిత్ర రాసిన ఫెరిష్తా కూడా రాశాడు. రాజు ఆ పేరు పెట్టి తర్వాత సిగ్గుపడి హైదరాబాద్‌గా మార్చాడన్నాడు. ఇద్దరూ గోల్కొండ కొలువు మనుషులు కారు. ఇద్దరూ ఆమెను గౌరవంగా చెప్పలేదు.

కాదనే వాదనకూ బలం ఉంది. గోల్కొండ కొలువులోనే తయారైన చరిత్రలో భాగ్‌మతి ఊసు లేదు. ఆమె పేరున నాణెం లేదు, శాసనం లేదు, సమాధి లేదు. మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ కవి. తన ప్రియురాళ్ల పేర్లు పెట్టి పద్యాలు రాశాడు. వాటిలోనూ భాగ్‌మతి అనే పేరు కనబడదు. పురానాపూల్ కట్టింది 1578లో. అప్పటికి యువరాజు వయసు పన్నెండు పదమూడేళ్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ ఈ ప్రేమకథను ఒప్పుకోలేదు. 'బాగ్' అంటే తోట కాబట్టి అది తోటల నగరమని వివరించాడు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మరో మాట చెప్పాడు. రాజు ప్రేమించిన భార్య పేరు 'నగర్' అట, ఆమె తోటలే బాగ్‌నగర్ అట!

విద్యార్థులు ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం ఉంది. వంతెన కథ తేదీల దగ్గర నిలవలేదు. కాబట్టి దాన్ని చరిత్రగా చెప్పకూడదు. కానీ వంతెన కథ పోయినంత మాత్రాన మనిషి లేదని తేలదు. కొలువు చరిత్రలో పేరు లేకపోవడం కొలువు గురించి కూడా ఒక సంగతి చెబుతుంది. రాజుకు ఇష్టం లేని పేరును రాజుగారి రాతగాడు రాయడు.

ఎద్దుల బారు వెంట నడిచినవాళ్లు

గోల్కొండ కోట దర్వాజాల్లో ఒకటి బంజారా దర్వాజా. మా తాతల ఎద్దులు ధాన్యం, ఉప్పు మోసిన దారుల గుర్తు అది. ఇందాకటి తావెర్నియేనే ఈ ఎద్దుల బారులు చూసి ఆశ్చర్యపోయాడు. పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకేసారి కదిలేవని రాశాడు. ఆడవాళ్ల ఒంటి మీది పువ్వుల పచ్చబొట్లను కూడా గమనించాడు. ఆ బారులో వంట చేసిన, బిడ్డను కన్న, ఎద్దును అదిలించిన ఒక్క ఆడమనిషి పేరు కూడా మన చేతికి అందలేదు. అంతమాత్రాన వాళ్లు లేరంటామా? వాళ్లు లేకపోతే మనం ఎక్కడివాళ్లం?

మేడారం చూడండి. సమ్మక్కను రాజుల శాసనాలు నిలబెట్టలేదు. కోయ పూజారుల నోట, చిలకలగుట్ట నుంచి వచ్చే కుంకుమ భరిణెలో ఆమె నిలిచింది. ఇవాళ ఎన్నో ఇళ్లలో ఆడబిడ్డలకు సమ్మక్క, సారక్క అని పేర్లున్నాయి. పేరు బతికితే కథ బతుకుతుంది. భాగ్‌మతికి పాటా దక్కలేదు, జాతరా దక్కలేదు. ఆమె పేరు గైడు నోట మిగిలింది గాని ఇళ్లలోని ఆడపిల్లలకు మిగల్లేదు. అందుకే అది అరుదైన పేరు.

మన హాజరుపట్టీ

మా యాడి మంగళవారం పుట్టింది. అందుకే మంగ్లీ. సోమవారం పుడితే సోమ్లీ. తండాలో పేరంటే పుట్టిన రోజు లెక్క కూడా. యాడిని బళ్లో వేసిన రోజు, పేర్లు రాసుకునే ఆయన 'మంగమ్మ' అని రాశాడు. ఓటరు కార్డులో 'మంగి' అయింది. పట్టా పాసుపుస్తకంలో 'మంగ్లి' అయింది. ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసుకోవడానికి, కాలినొప్పితో నాలుగుసార్లు మండల కేంద్రానికి తిరిగింది. చివరిసారి బస్సు దిగి నాతో ఒకే మాట అన్నది: "నా పేరు నేనెప్పుడూ మార్చుకోలేదు బిడ్డా."

రాసినాయన చెడ్డవాడు కాదు. భాగ్‌మతిని భాగ్యవతిగా దిద్దే తెలుగు మాస్టారిలా, సరిచేస్తున్నాననే అనుకున్నాడు. కానీ ఆయన ఒక్క గీతతో యాడి పుట్టిన వారం పోయింది, ఆ పేరు పెట్టిన పెద్దమ్మ జ్ఞాపకం పోయింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా మా తండా చరిత్ర రాయాలని కాగితాలు వెతికితే మంగ్లీ దొరకదు. మంగమ్మ అనే, ఎన్నడూ లేని మనిషి దొరుకుతుంది. కొలువు రాతలో లేని భాగ్‌మతికి, తప్పు రాతలో ఉన్న మా యాడికి తేడా ఎంత?

అయితే ఈ రోజుల్లో మంగ్లీ అనే పేరుతోనే ఒక గాయని ఊరూరా తెలిసింది. ఒకప్పుడు బళ్లో నవ్వులపాలైన పేరును ఇప్పుడు పిల్లలు గర్వంగా పలుకుతున్నారు. అరుదైపోతున్న పేరు తిరిగి రావటానికి ఒక మంచి గొంతు చాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. హాజరుపట్టీలో పేరు రాసేముందు ఆ బిడ్డ తల్లిని రెండుసార్లు పలకమనండి. ఆమె పలికినట్టే రాయండి. వ్యాకరణం పాఠంలో చెప్పండి, పేరు మీద వద్దు. యువతకు ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లి మీ నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల తల్లుల పేర్లు అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా అడగండి. వారమా, వానా, దేవతా, పోయిన పెద్దదిక్కా? రెండు తరాలు దాటితే చాలామందికి పేర్లు దొరకవు. దొరికినన్ని రాయండి, ముందు బతికి ఉన్నవాళ్లను అడగండి.

ఇక చార్మినార్ కింద నిలబడి పిల్ల అడిగిన ప్రశ్న. నేనైతే ఇలా జవాబు చెబుతాను: "వంతెన కథ నిజం కాదమ్మా. ఆమె ఉందా లేదా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. నువ్వు ఉన్నావని మాత్రం తేల్చాల్సింది మనమే. ముందు నీ పేరు సరిగ్గా చెప్పు, రాసుకుంటాను."