ఆకుకూర అరగదన్న అమ్మలు

నర్సీపట్నంలో మా చిన్నతనాన, పసిబిడ్డకు ఏ కూర పెట్టాలన్న ప్రశ్న వైద్యుని దాకా పోయేది కాదు. ఇంటి పెద్దావిడే తీర్పరి. బీర, పొట్ల, ఆనప తేలిక, పెట్టవచ్చు. వంకాయ దురద. కంద, చేమ నాలుక గీరుతాయి. గుమ్మడి వాతం. ఇక ఆకుకూరా? అసలే వద్దు, అరగదు, విరేచనాలవుతాయి!

వాతం, వేడి, చలవ అన్న మాటలు ఆయుర్వేదం నుండి వంటింటికి వచ్చినవే. అయినా ఆ తీర్పు శిలాశాసనమేమీ కాదు. అమెరికా ఖండం నుండి వచ్చిన బంగాళాదుంప, టమాటా ఏ ప్రాచీన వైద్యగ్రంథంలోనూ లేవు. టమాటాకు రామములగ అని పేరు పెట్టుకున్నారు. బంగాళాదుంపను ఉడికించి, మెదిపి పిల్లల కంచంలోకి చేర్చారు. శాస్త్రం చెప్పనిచోట అమ్మలే అనుభవంతో నిర్ణయించారు.

ఆకుకూరపై నిషేధానికి మాత్రం మూల్యం చెల్లించినది పిల్లల కళ్ళు. ఏ విటమిను లోపిస్తే ముందు రేచీకటి, ముదిరితే అంధత్వం. ఆ విటమినుగా మారే కెరోటిన్ తోటకూరలో, ములగాకులో సమృద్ధిగా ఉంటుంది. పెరట్లో ములగచెట్టు పచ్చగా ఉండగానే, పొద్దు వాలితే తడుముకుంటూ నడిచే పిల్లలు పల్లెల్లో ఉండేవారు.

కూనూరులో 1918లో మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. పోషణ చాలని పిల్లలకు తోటకూర పెట్టి, అందులోని కెరోటిన్ చాలావరకు ఒంటికి పడుతుందని అక్కడి పరిశోధకులు 1970లో ప్రకటించారు. ఆ సంవత్సరమే ఒకటి నుండి అయిదేళ్ళ పిల్లలకు ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల ఏ విటమిను ఇచ్చే జాతీయ పథకం ఆరంభమయినది. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం వచ్చినది. అమ్మ వద్దన్న ఆకునే ప్రభుత్వం తినిపించమన్నది.

మరి అమ్మలది అజ్ఞానమేనా? తొందరపడలేను. విరేచనాలు పసిప్రాణాలను హరించిన కాలమది. బురద అంటిన ఆకును, శుభ్రమైన నీరు లేనిచోట, పళ్ళు రాని బిడ్డకు పెట్టడానికి జంకిన తల్లి ఎంచుకున్నది బిడ్డ ప్రాణాన్నే. పైగా 1995లో ఇండోనేషియాలో పాలిచ్చే తల్లులకు ఆకుకూరలు పెట్టి చూసిన పరిశోధకులకు ఆశించిన ఫలితం కనబడలేదు. ఆకు కణాలలో చిక్కుకున్న కెరోటిన్ అంత సులువుగా బయటపడదని తేలింది. అరగదన్న మాటలో కొంత నిజమున్నదన్నమాట!

దానికి విరుగుడూ వంటింట్లోనే ఉన్నది. శుభ్రంగా కడిగి, మెత్తగా ఉడికించి, పప్పుతో మెదిపి, కాస్త నెయ్యి వేస్తే కెరోటిన్ ఒంటికి పడుతుంది. పెద్దలకు పప్పుకూర అలాగే వండిన చేతులవి. ఆ గిన్నెలోంచి రెండు ముద్దలు పసివాడికీ పెట్టమని చెప్పేవారు కాస్త ముందుగా వచ్చి ఉంటే ఎన్ని కళ్ళు నిలిచేవో!

మీ ఇళ్ళలో పిల్లలకు వద్దన్న కూరలేవో, అందుకు అమ్మమ్మలు చెప్పిన కారణమేమో గుర్తు చేసుకోండి. ఆ కారణాలను ఎవరూ రాసిపెట్టలేదు.